మారుతి 800 కారు డోర్ లాక్ లోపలి సన్న స్ప్రింగులు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

పాత_ఎనిమిదొందలు · జులై 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మల్కాజిగిరిలో ఉంటాను. నాన్నగారి 1994 మోడల్ మారుతి 800 మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. కార్బ్యురేటర్ బండి. వారానికి రెండుసార్లయినా తీస్తాను.

డ్రైవర్ వైపు డోర్ లాక్ ఆరు నెలలుగా సతాయిస్తోంది. తాళం చెవి పెడితే ఒకసారి వెన్నలా తిరుగుతుంది, ఇంకోసారి రాయిలా బిగుసుకుంటుంది. పిడికిలితో డోరు మీద ఒకటి తగిలిస్తే మళ్లీ దారికొస్తుంది. మొన్నటి వానకు ఆ దెబ్బలకు కూడా లొంగలేదు.

నిన్న ధైర్యం చేసి విప్పాను. డోర్ ప్యాడ్ ఊడదీసి, వెనక ఉన్న యూ ఆకారం క్లిప్పు లాగితే సిలిండర్ బయటికొచ్చింది. చెవి లోపల పెట్టే ఉంచి, చెవితో పాటు తిరిగే లోపలి గుండును మెల్లగా లాగాను. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత చెవి తీసేశాను చూడండి, అదీ నేను చేసిన బుద్ధి తక్కువ పని. గుండులో చెవి పళ్లను బట్టి కదిలే ఇత్తడి ప్లేట్లలో ఒకటి టప్పున ఎగిరి సోఫా కిందికి పోయింది. ప్లేటు దొరికింది, దాని స్ప్రింగు మాత్రం ఇప్పటికీ దొరకలేదు. ఇంకో స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. మూడోది నలిగి పక్క ప్లేటు కింద ఇరుక్కుంది. చెవి దూరే కంతకు అడ్డంగా చిన్న రేకు మూత ఉంటుంది కదా, దాని స్ప్రింగు తుప్పు పట్టి విరిగిపోయింది. వాన నీళ్లు లోపలికి పోయింది అక్కడినుంచే అని నా అనుమానం.

రాణిగంజ్‌లో నాలుగు షాపులు తిరిగాను. చూపించినవన్నీ బొటనవేలంత. నా చేతిలో ఉన్న స్ప్రింగు బియ్యపు గింజంత. ‘ఇంత చిన్నవి ఎవరడుగుతారు సార్’ అని నవ్వారు. కోఠీలో తాళాలు చేసే ఆయన చూడకుండానే కొత్త లాక్ వేసుకోమన్నాడు.

చిన్న స్ప్రింగులు మూడు, మూతకు ఒకటి కావాలి. లేదంటే నేనే చుట్టుకునే తీగైనా ఫర్వాలేదు. ఎంత మందం తీసుకోవాలి, ఎక్కడ దొరుకుతుంది?

---

కోఠీ_కుర్రాడు · జులై 6, రాత్రి 10:05

అన్నా, 800కి లాక్ సెట్లు ఇంకా దొరుకుతున్నాయి. డోర్లు, డిక్కీ, ఇగ్నిషన్ అన్నీ కలిపి ఒకే చెవితో సెట్. అరగంట పని. బియ్యపు గింజల కోసం ఊరంతా తిరగడం ఎందుకు?

---

పాత_ఎనిమిదొందలు · జులై 6, రాత్రి 10:31

సెట్ మొత్తం మారిస్తే బాగున్న మూడు లాకులు కూడా పోతాయి. ఒక్క డోరే మారిస్తే జేబులో రెండు చెవులు. పైగా మా తోడల్లుడు రెండేళ్ల క్రితం అలాంటి సెట్టే వేయించాడు. ఏడాది తిరక్కుండానే ప్లేట్లు అరిగి, చెవి తిప్పకుండానే ఊడి చేతిలోకి వస్తోంది. కంపెనీ పేరు ఎందుకులెండి.

ఇంకో మాట, దాచడం ఎందుకు. ఆ చెవి నాన్నగారు వాడినది. పట్టుకునే చోట ఆయన వేలు ఆనిన మేరకు నునుపు తేలి ఉంటుంది.

---

లైటర్_బాబాయ్ · జులై 7, ఉదయం 6:50

రూపాయి ఖర్చు లేని మందు చెప్తాను. పాన్ డబ్బాలో దొరికే ప్లాస్టిక్ లైటర్‌లో, చక్రం కింద ఉండే రాయిని పైకి తోసేది ఒక పొడవాటి సన్న స్ప్రింగు. చుట్టును అడ్డంగా కొలిస్తే దాదాపు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక లైటర్ నుంచి మూడు నాలుగు ముక్కలు కోసుకోవచ్చు. స్కూటర్ హ్యాండిల్ లాక్‌కు నేను అదే వేశాను, ఆరేళ్లయింది.

గ్యాస్ పూర్తిగా అయిపోయిన లైటరే విప్పండి. చక్రం తీస్తుంటే రాయి కంట్లోకి ఎగురుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి.

---

పాత_ఎనిమిదొందలు · జులై 7, రాత్రి 8:15

బాబాయ్, మీ మాట నమ్మి మా వంటింట్లో గ్యాస్ స్టవ్ లైటర్ విప్పాను. లోపల రాయీ లేదు, సన్న స్ప్రింగూ లేదు. లావుపాటి స్ప్రింగొకటి వచ్చి గోడకు తగిలింది. ఇప్పుడు అది మళ్లీ బిగుసుకోవడం లేదు. ఇంట్లో అగ్గిపెట్టె నడుస్తోంది.

---

లైటర్_బాబాయ్ · జులై 7, రాత్రి 8:22

అయ్యో రామా! స్టవ్ లైటర్ కాదు నాయనా, బీడీ లైటర్! స్టవ్‌ది సుత్తితో కొట్టి నిప్పురవ్వ పుట్టించే రకం, దాంట్లో రాయి ఎందుకుంటుంది? ముందు కొత్త లైటర్ కొనుక్కెళ్లి ఇంట్లో ఇవ్వు. లాకు సంగతి తర్వాత.

---

అంబీ_78 · జులై 7, రాత్రి 9:10

800 వాళ్లు అదృష్టవంతులు భయ్యా, కొత్త సెట్లయినా దొరుకుతున్నాయి. అంబాసిడర్ ఫ్యాక్టరీ 2014లోనే మూతపడింది. నా డిక్కీ లాక్ కోసం నేను ఎక్కని గడప లేదు. తిరిగిన చోట్లు చెప్తా, నీకు పెట్రోల్ మిగులుద్ది.

ఆదివారం ఎర్రగడ్డ సంత. కింద దుప్పటి పరిచి పాత తాళాలు, హ్యాండిళ్లు, మీటర్లు పోసి అమ్ముతారు. అక్కడ ఏ కారుదో తెలియని లాక్ సిలిండర్లు దొరుకుతాయి. చెవి లేనివైతే ఇంకా చవక. మనకు చెవితో పనేముంది, లోపలి ప్లేట్లూ స్ప్రింగులూ చాలు. పొద్దున ఎనిమిదిలోపు పోవాలె. పది దాటితే మంచివి ఉండవు, ఎండ ఒక్కటే ఉంటది.

గురువారమైతే పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్. అక్కడ బేరం ఆడే ఓపిక ఉండాలె. పుత్లీబౌలిలో స్పేర్‌పార్టుల వాళ్లను అడిగితే బైకు లాక్ సెట్లు చూపిస్తారు. వాటిలో స్ప్రింగులు కొన్ని మనకు సరిపోతాయి, కొన్ని సరిపోవు.

ఒకటి మాత్రం చేయకు. నేను మొదట్లో సెంట్రింగ్ పనివాళ్లు వాడే బైండింగ్ వైరుతో స్ప్రింగు చుట్టిన. చూడ్డానికి అసలు దానిలాగే వచ్చింది. ఒక్కసారి నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది, పైకి లేస్తే ఒట్టు.

---

కోఠీ_కుర్రాడు · జులై 7, రాత్రి 9:25

బాల్ పెన్ స్ప్రింగు కోసి పెట్టొచ్చుగా?

---

అంబీ_78 · జులై 7, రాత్రి 9:31

పెన్ను స్ప్రింగు చుట్టు అడ్డంగా నాలుగు మిల్లీమీటర్లు ఉంటది తమ్మీ. ప్లేటు పక్కన దాని గూడు చూసినవా? సగం కూడా లేదు.

---

లేత్_మాస్టారు · జులై 8, ఉదయం 5:45

బాలానగర్‌లో పాతికేళ్లు టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ ఒక్కరూ కొలత అడగలేదు. కొలవకుండా వెతికితే రాణిగంజ్ మొత్తం తిరిగినా దొరకదు.

మామూలు వెర్నియర్‌తో అంత సన్న తీగ మందం సరిగా రాదు. స్క్రూ గేజి లేకపోతే ఇలా చేయండి. బాగున్న స్ప్రింగును రెండు గోళ్ల మధ్య పూర్తిగా నొక్కి, చుట్లన్నీ ఒకదానికొకటి ఆనాక ఆ పొడవు కొలవండి. చుట్లు లెక్కపెట్టండి. పొడవును చుట్లతో భాగిస్తే తీగ మందం. తర్వాత బయటి వ్యాసం, నొక్కకుండా ఉన్న పొడవు. ఈ మూడూ ఇక్కడ రాయండి.

దుకాణంలో అడిగేటప్పుడు ‘సన్న స్ప్రింగు తీగ’ అనకండి, గేజి నంబరు చెప్పండి. 30 గేజి అంటే 0.315 మిల్లీమీటర్లు, 32 అంటే 0.274, 34 అంటే 0.234. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నం. ‘పియానో వైరు’ అంటే స్ప్రింగులు చేసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. జీడిమెట్లలో, బాలానగర్‌లో స్ప్రింగులు చుట్టే చిన్న యూనిట్లు ఉన్నాయి గానీ మూడు ముక్కల కోసం మిషన్ సెట్ చేయరు. వందకు తక్కువ ఆర్డరు తీసుకునేవాళ్లను నేను చూడలేదు. టీ తాగించి బతిమాలితే చుట్ట చివర మిగిలిన మూరెడు తీగ ఇస్తారు.

ఇంకొకటి. పియానో వైరు బిరుసెక్కించిన ఉక్కు. దాన్ని చల్లగానే చుట్టాలి. మంట మీద ఎర్రగా కాల్చి వంచితే ఆ బిరుసు పోయి బైండింగ్ వైరుతో సమానమవుతుంది.

---

సారణి · జులై 8, ఉదయం 11:20

తీగ కోసం ఫ్యాక్టరీలదాకా వెళ్లక్కర్లేదండి. వాయిద్యాల షాపుకు వెళ్లండి.

గిటారులో సన్నవి, పైన వేరే తీగ చుట్టని సాదా తీగలు, స్ప్రింగు ఉక్కుతోనే చేస్తారు. మందం ప్యాకెట్ మీదే అంగుళాల్లో రాసి ఉంటుంది. 009 అంటే అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు, 0.229 మిల్లీమీటర్లు. 010 అంటే 0.254. 011 అంటే 0.28. విడిగా ఒక్క తీగ కూడా ఇస్తారు.

మా అమ్మ వీణ వాయిస్తుంది. సారణి తంతి, అంటే మొదటి తీగ, ఉక్కుది. తెగిన వాటిని పడేయనివ్వకుండా డబ్బాలో దాచేది నేనే. నా కుట్టుమిషన్‌లో ఒక చిన్న స్ప్రింగు దానితోనే చేశాను. మా ఇంట్లోది కొలిస్తే 0.3 దగ్గర వచ్చింది. మీ రేకు మూతకు అది సరిపోవచ్చు. మెట్ల మీద ఒరుసుకుని గాట్లు పడిన భాగం మాత్రం వాడకండి, స్ప్రింగు అక్కడే విరుగుతుంది. ఇత్తడి తంతి జోలికీ పోకండి.

---

పాత_ఎనిమిదొందలు · జులై 8, రాత్రి 9:50

కొలిచాను మాస్టారూ. చుట్లు 10, పూర్తిగా నొక్కితే 2.5 మిల్లీమీటర్లు. అంటే తీగ 0.25. బయటి వ్యాసం 1.9. నొక్కకుండా 7.

సారణి గారు చెప్పిన 010 తీగ 0.254 కదా, అతికినట్టు సరిపోయింది! రేపు అబిడ్స్ వైపు పని ఉంది, తెచ్చేస్తాను.

---

లేత్_మాస్టారు · జులై 9, ఉదయం 5:40

చుట్టేటప్పుడు తీగ వదలగానే కాస్త విచ్చుకుంటుంది. మీకు లోపలి వ్యాసం 1.4 కావాలి కాబట్టి 1.2 డ్రిల్ బిట్ కాడ మీద చుట్టి చూడండి. ఒక చివర గట్టిగా పట్టించి, తీగను ఎప్పుడూ లాగిపట్టి ఉంచండి. మధ్యలో వదిలితే కొరడాలా తిరిగి మొహానికి తగులుతుంది. అద్దాలు తప్పనిసరి.

చుట్టాక ఓవెన్‌లో అరగంట పెడితే లోపలి బిగువు సర్దుకుని స్ప్రింగు తర్వాత కుంగదు. గిటారు తీగ మీద సాధారణంగా తగరం పూత ఉంటుంది, తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది. 210 దగ్గర ఆపండి. స్ప్రింగును మాత్రమే పెట్టండి, లాకును కాదు. గుండు జింకు పోత.

---

పాత_ఎనిమిదొందలు · జులై 13, సాయంత్రం 6:05

చుట్టాను. మొదటి పదకొండూ జిలేబీలే. పన్నెండోది చూడముచ్చటగా వచ్చింది. దాని దారిలోనే ఇంకో రెండు. మూత స్ప్రింగు వీణ తంతితో రెండో ప్రయత్నానికే కుదిరింది. ఇప్పుడు చెవి తీయగానే మూత టక్కున పడుతోంది. సారణి గారూ, అమ్మగారికి నా నమస్కారాలు.

అయితే ఒక చిక్కు. లాక్ పనిచేస్తోంది గానీ చెవి దూర్చడానికి బలం పెట్టాలి. కొత్త స్ప్రింగులు వేసిన మూడు ప్లేట్ల దగ్గర గరగరమంటోంది. రెండు రోజులకే చెవి మీద గీతలు పడ్డాయి. నాన్నగారి చెవి కాబట్టి భయమేస్తోంది. కొలత ప్రకారమే చేశాను కదా, ఎక్కడ తప్పు జరిగింది?

---

లైటర్_బాబాయ్ · జులై 13, సాయంత్రం 6:40

నూనె వెయ్యి.

---

లేత్_మాస్టారు · జులై 13, రాత్రి 7:30

ఆగండి. నూనె వేయకండి. ముందు నేను అడగాల్సింది అడగనందుకు నన్ను అనండి. పాత స్ప్రింగు రంగేమిటి? అయస్కాంతానికి అంటుకుంటుందా?

---

పాత_ఎనిమిదొందలు · జులై 13, రాత్రి 7:48

ఎర్రటి బంగారు రంగు. అయస్కాంతం పెడితే కదల్లేదు. మూత స్ప్రింగు మాత్రం మామూలు ఇనుములా తుప్పు పట్టి ఉండేది.

---

లేత్_మాస్టారు · జులై 13, రాత్రి 8:35

అదీ సంగతి. మీ ప్లేట్ల స్ప్రింగులు ఫాస్ఫర్ బ్రాంజ్, అంటే ఒక రకం కంచు. అందుకే ఇన్నేళ్లు తుప్పు పట్టలేదు. ఇంటర్ ఫిజిక్స్‌లో దృఢతా గుణకం అని చదివే ఉంటారు, మెలిపెడితే లోహం ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే అంకె. ఉక్కుకు అది ఫాస్ఫర్ బ్రాంజ్ కంటే దాదాపు రెట్టింపు. కాబట్టి అదే మందం తీగతో, అదే వ్యాసంలో, అన్నే చుట్లు చుడితే ఉక్కు స్ప్రింగు దాదాపు రెండింతలు గట్టిగా ఉంటుంది. మీ చెవి మోస్తున్నది ఆ బరువే.

సన్న తీగకు మారాలి, కానీ ఎంత సన్నం అన్నది జాగ్రత్తగా చూడాలి. స్ప్రింగు గట్టితనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 0.25 బదులు 0.30 వేస్తే కంటికి తేడా కనపడదు, గట్టితనం మాత్రం రెట్టింపు దాటుతుంది. తగ్గడం కూడా అంతే జోరుగా తగ్గుతుంది. లెక్క వేస్తే మీకు 0.213 ఉక్కు తీగ కావాలి. సరిగ్గా 35 గేజి. గిటారులో దానికి దగ్గరవి 008, 009. 008 వేస్తే పాతదానికంటే ఆరో వంతు మెత్తన. 009 వేస్తే మూడో వంతు గట్టి.

నేనైతే 009 తీసుకుని చుట్లు పెంచుతాను. చుట్లు పెరిగితే గట్టితనం తగ్గుతుంది. పదికి బదులు పదమూడు చుట్టండి, దాదాపు పాతదాని మీదికే వస్తుంది. కాకపోతే పూర్తిగా నొక్కినప్పుడు 2.5 బదులు 3 మిల్లీమీటర్లు అవుతుంది. గూట్లో అంత జాగా ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే 008.

---

లైటర్_బాబాయ్ · జులై 13, రాత్రి 8:50

నా స్కూటర్ చెవి రెండేళ్లకోసారి ఎందుకు అరుగుతోందో ఇప్పుడు అర్థమైంది మాస్టారూ.

---

పాత_ఎనిమిదొందలు · జులై 20, మధ్యాహ్నం 2:15

009, పదమూడు చుట్లు. గూట్లో జాగా సరిపోయింది. చెవి పాత రోజుల్లోలాగా జారుతోంది. గీతలు కూడా ఇక పెరగలేదు.

కానీ బిగించే ముందు ఒకటి గమనించాను. గుండులో ప్లేట్ల కోసం ఎనిమిది గాళ్లున్నాయి, ప్లేట్లు మాత్రం ఆరే. రెండు ఖాళీ. కంపెనీ నుంచే అలా వస్తుందా? లేక సోఫా కింద ఇంకా ఏమైనా ఉన్నాయా?

---

అంబీ_78 · జులై 20, మధ్యాహ్నం 2:40

కొన్ని లాకుల్లో ఖాళీ గాడి మామూలే. ఎడమ డోరు లాక్ కూడా విప్పి చూడు భయ్యా. ఒకే చెవి కదా, అందులో ఎన్నున్నాయో తెలిస్తే తేలిపోద్ది. ఈసారి గుండు చుట్టూ పాలిథిన్ సంచి కట్టి విప్పు. ఏది ఎగిరినా సంచిలోనే ఉంటది. ప్లేట్లను వరసగా సెల్లోటేప్ మీద అంటించుకో. వాటి మీద 1, 2, 3 అని నంబర్లుంటాయి. వరస తప్పితే చెవి పనిచేయదు.

---

పాత_ఎనిమిదొందలు · జులై 21, రాత్రి 9:30

ఎడమ డోర్‌లో ఎనిమిదీ ఉన్నాయి.

ఇప్పుడు గుర్తొచ్చింది. పదేళ్ల కింద చెవి లోపల పెట్టి డోర్ వేసేశాం. ఒకాయన్ను పిలిస్తే తెరిచి, లాక్ కూడా కాస్త ‘సర్వీసు’ చేసి ఇచ్చాడు. అప్పుడు బిగుతుగా ఉన్న రెండు ప్లేట్లు తీసి పడేసినట్టున్నాడు. అందుకే కాబోలు, ఓసారి మా తమ్ముడు వాడి స్కూటర్ చెవితో సరదాగా తిప్పితే డోర్ తెరుచుకుంది. అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

---

కోఠీ_కుర్రాడు · జులై 21, రాత్రి 9:55

ఆయన తప్పు అనలేం అన్నా. అరిగిన చెవితో అరిగిన లాక్ తెరవాలంటే అదే దగ్గరి దారి. మా మామ ఇదే పని చేస్తాడు. కాకపోతే తీసినప్పుడు కస్టమర్‌కు చెప్పి తీస్తాడు.

---

సారణి · జులై 21, రాత్రి 10:10

తప్పంటే తప్పేనండి. చెప్పకుండా తీసి సర్వీసు డబ్బులు తీసుకున్నాడుగా. వీణ బాగుచేయమని ఇస్తే రెండు మెట్లు పీకి ఇచ్చినట్టుంది.

---

అంబీ_78 · జులై 21, రాత్రి 10:20

కొట్లాట తర్వాత. ఎడమ డోర్‌లో ఆ రెండు గాళ్లలో ఏ నంబర్లున్నాయి చెప్పు. నా డబ్బాలో 800 లాకులవి విడి ప్లేట్లున్నాయి, ఎర్రగడ్డవే.

---

పాత_ఎనిమిదొందలు · జులై 21, రాత్రి 10:26

మూడో గాడిలో 2, ఏడో గాడిలో 4.

---

అంబీ_78 · జులై 21, రాత్రి 10:41

2 ఉంది. 4 లేదు. 4కి బదులు వేరేది అరగదీసి పెడదాం అనుకోకు. చెవి కోసం ఉన్న నడిమి కంత ఒక్కో నంబర్‌కు ఒక్కో ఎత్తులో ఉంటది, బయట అంచు అరగదీస్తే లాక్ కాస్త వదులైతది గానీ సరిగ్గా కుదరదు. ఆదివారం సంతలో చూద్దాం.

---

లేత్_మాస్టారు · జులై 22, ఉదయం 5:50

బిగించే ముందు పాత జిడ్డంతా పెట్రోల్‌తో కడిగి ఆరబెట్టండి. తర్వాత గ్రాఫైట్ పొడి చిటికెడు. నూనె వేస్తే మొదటి నెల హాయిగా ఉంటుంది, ఆ తర్వాత మన రోడ్ల దుమ్మును పట్టుకుని ముద్దవుతుంది. రెండూ కలిపితే మరీ ఘోరం.

---

లైటర్_బాబాయ్ · జులై 22, ఉదయం 7:15

గ్రాఫైట్ ఎందుకు మాస్టారూ, పెన్సిల్ ముల్లు గీకి వేస్తే చాలదా?

---

లేత్_మాస్టారు · జులై 22, ఉదయం 7:40

పెన్సిల్లో మట్టి కూడా కలుపుతారు. అవసరానికి మెత్తటి 6బీ పెన్సిల్ వాడుకోవచ్చు. హెచ్‌బీ వద్దు.

---

పాత_ఎనిమిదొందలు · జులై 27, మధ్యాహ్నం 12:30

పొద్దున ఏడున్నరకే ఎర్రగడ్డలో అంబీ భయ్యాను కలిశాను. 2 నంబర్ ప్లేటు ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. ఆరు పాత సిలిండర్లు కొని అక్కడే ఇరానీ చాయ్ తాగుతూ బల్ల మీద విప్పాం. 4 ఒక్కదాంట్లోనూ లేదు. హోటల్ ఆయన రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు, దొంగ తాళాలు చేస్తున్నాం అనుకున్నాడేమో.

ప్రస్తుతం ఏడు ప్లేట్లతో బిగించాను. తమ్ముడి స్కూటర్ చెవి పెట్టి ఎంత తిప్పినా తెరుచుకోలేదు.

009 తీగ ఇంకా మీటరు పైన మిగిలింది. ఎవరికైనా కావాలంటే చెప్పండి.

---

అంబీ_78 · జులై 27, మధ్యాహ్నం 12:52

నా డిక్కీకి నాలుగు చుట్టిపెట్టు భయ్యా. పాతవాటి రంగు చూసి, చుట్లు లెక్కపెట్టి రాత్రికి కొలతలు పంపుత. వచ్చే ఆదివారం అదే చాయ్ హోటల్.